సూది మొన ఎటు తిరిగింది

అక్కకి కడుపు కోసి పాపని తీశారు. పాప బాగుంది, అక్క బాగాలేదు. తల దిండు మీద ఉన్నంతసేపూ మామూలు మనిషే. తల ఎత్తిందా, మెడ వెనక నుంచి నుదుటి దాకా ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు ఉంటుందట. కాఫీలు తాగించారు, మాత్రలు మింగించారు, సెలైన్లు ఎక్కించారు. ఏదీ పనిచెయ్యలేదు. నిన్న మత్తు డాక్టర్ వచ్చి, "ఇంకో సూది వెయ్యాల్సి వస్తుంది, మళ్ళీ వీపులోనే" అని చెప్పి వెళ్ళాడు. అక్క గోడ వైపు తిరిగి, "మా చెల్లి సరేనంటేనే" అంది.

ఆ చెల్లిని నేనే. సూదులు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ ఇంజనీర్ని. ఇంట్లో నన్ను సూదమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది బావ. ఆయనదీ అదే ఫ్యాక్టరీ, అసెంబ్లీ లైన్‌కి ఇన్‌చార్జి. సూదికి తల అతికించేది ఆయన మనుషులే. సరే, ఆ డాక్టర్ చెయ్యి బాగుంటే మా అక్కకి ఈ తిప్పలు వచ్చేవి కావని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, ఆయన్ని కడిగేద్దామని పొద్దున్నే ఆసుపత్రికి వచ్చాను. ఇప్పటిదాకా జరిగింది ఇదీ.

ముందు అక్క గదిలోకి వెళ్ళాను. మంచం, పాప తొట్టి, చక్రాల టేబులు, ఎంత లాగినా సగం దాకే వచ్చే కర్టెన్. అక్క పక్కకి పడుకుని పాపకి పాలిస్తోంది. కిటికీ దగ్గర కుర్చీలో బావ వాళ్ళమ్మగారు పాప గుడ్డలు మడత పెడుతున్నారు. మడత పెట్టినవే మళ్ళీ విప్పి మడత పెడుతున్నారు. ఆవిడకి చేతిలో పని లేకపోతే నోటికి పని వస్తుంది, అది ఆవిడకీ తెలుసు.

"ఇంకో దిండు వేసుకుని కాస్త కూర్చుంటే పాలు బాగా పడతాయి," అన్నారు. అక్కతో కాదు, కిటికీతో. "మేమూ కన్నాం. తలనొప్పని ఎవరు పడుకోనిచ్చారు మమ్మల్ని."

"మీకు వీపులో సూది వేశారా అత్తయ్యా?" అన్నాను.

"మాకు ఏ సూదీ లేదు. అరిచాం, కన్నాం."

"అందుకే రాలేదు. ఈ తలనొప్పి అరుపుకి రాదు, సూదికి వస్తుంది."

అక్క నవ్వబోయి ఆగింది. నవ్వితే కుట్లు లాగుతాయట.

"ఏమే, అసలు నా తలలో ఏం జరుగుతోంది?" అంది. "ఆయన చెప్పాడు కానీ నాకేం ఎక్కలేదు."

"వెన్నెముక లోపల ఒక పొర ఉంటుంది, సంచిలాగా. దాని నిండా నీళ్ళు. ఆ నీళ్ళే పైదాకా వెళ్ళి మెదడు చుట్టూ ఉంటాయి. మెదడు వాటిలో తేలుతూ ఉంటుంది. నీకు నడుము కింద మొద్దుబారాలంటే ఆ సంచికి సూదితో చిన్న చిల్లు పెట్టి మందు వెయ్యాలి. మామూలుగా ఆ చిల్లు దానంతట అదే మూసుకుపోతుంది. నీది మూసుకోలేదు, కారుతోంది. నువ్వు లేచి కూర్చునేసరికి మెదడుకి కింద ఆసరా తగ్గిపోయి కాస్త జారుతుంది. దాన్ని పట్టుకున్నవన్నీ సాగి లాగుతాయి."

"అంటే నా మెదడు వేలాడుతోందా."

"కొంచెం."

"పెళ్ళైనప్పటి నుంచీ వేలాడుతూనే ఉందిలే," అంది కళ్ళు మూసుకుని. అత్తయ్యగారి చేతుల్లో గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మడత పడింది.

"మరి చిల్లు కారుతుంటే దాన్ని మూయడానికి ఇంకో చిల్లేంటే? నాకు లెక్క తేలట్లేదు."

"రెండోది సంచి లోపలికి వెళ్ళదు, బయటే ఆగుతుంది. నీ చేతిలోంచి కొంచెం రక్తం తీసి అక్కడ వేస్తారు. అది గడ్డకట్టి చిల్లుకి అతుకులా కూర్చుంటుంది. చాలామందికి అప్పటికప్పుడే తగ్గిపోతుంది."

"లోపలికి వెళ్ళదని నీకెలా తెలుసు?"

"వెళ్ళకూడదు."

"నేనడిగింది అది కాదు."

అక్క ఓ చేత్తో పాప వీపు నిమురుతూ ఉండిపోయింది.

"దీన్ని నేనింకా ఎత్తుకోలేదే," అంది కాసేపటికి. "ఎత్తుకుని కిటికీ దాకా కూడా నడవలేదు. పడుకునే చూస్తున్నా. దానికి అమ్మంటే ఒక చెవి, సగం మొహం. అంతే. నువ్వు చెయ్యించుకో అంటే చేయించుకుంటా, వద్దంటే ఇలాగే పడుంటా. మధ్యాహ్నంలోపు చెప్పాలట. వాళ్ళూ వీళ్ళూ చెప్పింది నాకు వద్దు. ఈ ఇంట్లో సూది సంగతి తెలిసింది నీకే."

అక్క నన్ను దేనికైనా సలహా అడగడం నా ఎరుకలో ఇదే మొదలు. చీర రంగు కూడా అడగదు.

*

మత్తు డాక్టర్ని ఆసుపత్రిలో అందరూ నిద్ర డాక్టర్ అంటారు. చూడగానే అర్థమైంది, వెటకారంగా పెట్టిన పేరని. వచ్చినవాళ్ళందరికీ నిద్ర పంచేసి తనకంటూ కాస్త కూడా మిగుల్చుకోని మనిషి. ఆపరేషన్ థియేటర్ వెనక చిన్న గదిలో, తలుపు పడని బీరువా పక్కన, రబ్బరు చెప్పులు ఒకదాని మీద ఒకటి వేసి, వాటి మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. టోపీ కూడా తియ్యలేదు.

"మీరేనా సూదులావిడ? మీ అక్క చెప్పింది. కూర్చోండి," అన్నాడు. ఉన్న రెండో కుర్చీలో ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంది. నిలబడ్డాను. తిట్టడానికి అదే సౌకర్యం కూడా.

"మా అక్కకి ఏ మొన వాడారు సర్?"

"కోత మొన."

చెప్పాలి కదా, వీపు సూదుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి కోత మొన. చివర ఏటవాలుగా చెక్కి ఉంటుంది, కత్తిలా కోసుకుంటూ వెళ్తుంది. రెండోది పెన్సిల్ మొన. చివర గుండ్రంగా సన్నబడి ఉంటుంది, రంధ్రం పక్కన ఉంటుంది. అది కొయ్యదు, పొరలోని పోగుల్ని పక్కకి తోసుకుని దూరుతుంది. తీసేశాక పోగులు మళ్ళీ దగ్గరికొస్తాయి. కారడం తక్కువ, తలనొప్పీ తక్కువ. ఇంకో విచిత్రం, పెన్సిల్ మొన చేసే చిల్లు చూడ్డానికి చిందరవందరగా ఉంటుందట. అలా ఉండబట్టే వాచి త్వరగా మూసుకుంటుందని కొందరంటారు. నీట్‌గా కోసిన గాటే నోరు తెరుచుకుని కూర్చుంటుంది. మా ఇంట్లో గొడవలు కూడా అంతే. అరుచుకున్నవి సాయంత్రానికి మానిపోతాయి, మర్యాదగా మాట్లాడుకున్నవి ఏళ్ళు కారతాయి.

"పెన్సిల్ మొన ఎందుకు వాడలేదు?" అన్నాను.

"అడుగుతూనే ఉన్నాను. స్టోర్సులో లేవంటారు. ఆ టైములో లోపల బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. నా ఎదురుగా ఏ సూది ఉంటే అదే."

కానీ నేను ఆగడానికి రాలేదు.

"సరే, కోత మొనే. ఎటు తిప్పి పెట్టారు?"

ఆయన నావైపు సరిగ్గా చూసింది అప్పుడే. నేనడిగిన దాంట్లో తిట్టు ఉంది, అది ఆయనకి అందింది. వీపు పొరలో పోగులు ఎక్కువగా నిలువుగా ఉంటాయని మాకు చెప్తారు. అచ్చంగా నిలువేం కాదు, అటూ ఇటూ అల్లుకునే ఉంటాయి. అయినా ఏటవాలు మొహం పక్కకి తిప్పి పెడితే మొన పోగుల వెంట చీల్చుకుని వెళ్తుంది, చిల్లు చిన్నదవుతుంది. మొహం పైకో కిందికో ఉంటే పోగుల్ని అడ్డంగా కోస్తుంది, ఎక్కువ కారుతుంది. జాగ్రత్త ఉన్న డాక్టర్ పక్కకి తిప్పే పెడతాడు. ఎటు తిప్పారని అడగడమంటే, మీకు జాగ్రత్త లేదు కదా అనడమే.

ఆయనకి కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక ఉండాలి.

"నేను నేర్చుకున్న మొదటి పాఠం అది," అన్నాడు. "పక్కకే."

"అందరూ అలాగే అంటారు సర్."

"మీ ఆఫీసులో కూడా ఇలాగే మాట్లాడతారా మీరు?"

"ఇంతకన్నా దారుణంగా."

మూతి చివర ఏదో కదిలింది, నవ్వే అయ్యుండాలి. లేచి బీరువాలోంచి ఒక ప్యాకెట్ తీశాడు. "మీ అక్కకి వేసింది ఈ పెట్టెలోదే. చూడండి ఎలా పట్టుకుంటానో."

ప్యాకెట్ చూడగానే గుర్తుపట్టాను. మూల చింపే చోట ఆకుపచ్చ గీత. ఆ గీత ఎంత లావుండాలని మేం ఒక మధ్యాహ్నమంతా మీటింగ్ పెట్టుకున్నాం. మా సూది. మా సూదులు ఫ్యాక్టరీ గేటు దాటాక ఎవరి వీపుకి చేరతాయో డిజైన్ వాళ్ళకి ఎవరూ చెప్పరు, మేమూ అడగం.

ఆయన నా మొహం గమనించలేదు. సూది తీసి, ఎదురుగా ఎవరో వీపు తిప్పి కూర్చున్నట్టు గాల్లో పట్టుకున్నాడు. సూది వెనక వేళ్ళతో పట్టుకోవడానికి చిన్న ప్లాస్టిక్ తల ఉంటుంది, హబ్ అంటాం. దాని అంచున ఒక గాడి. మొన వెంట్రుకంత సన్నం, దాని మొహం ఎటుందో మామూలు కంటికి అందదు, ముట్టుకుని చూడకూడదు. అందుకే ఆ గాడి. గాడి ఎటుంటే మొన మొహం అటుంటుంది. డాక్టర్ గాడిని చూస్తాడు, గాడిని నమ్ముతాడు.

"గాడి పేషెంట్‌కి పక్కవాటుగా," అన్నాడు. "ఎప్పుడూ ఇంతే. నిద్రలో లేపి చేతిలో పెట్టినా ఇలాగే పట్టుకుంటాను."

సరిగ్గానే పట్టుకున్నాడు. ఇక తిట్టడానికి ఏం మిగల్లేదు. వెళ్ళిపోవచ్చు. కానీ మా సూది కదా, అలవాటు చొప్పున చెయ్యి చాచాను. తెల్ల కాగితం మీద పెట్టి, గాడి పక్కకి ఉండేలా తిప్పి, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి చూశాను. ఏటవాలు మొహం మీద వెలుగు పడితే చిన్న మెరుపు వస్తుంది. అది పక్కన కనిపించాలి.

పైన కనిపించింది.

"ఇంకోటి ఇస్తారా సర్."

అదీ అంతే. మూడోది ఆయనే చింపాడు, ఏం అడక్కుండా. అదీ అంతే. ఫోన్ ఆయన చేతికిచ్చాను. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత బీరువాలో అడుగున చెయ్యి పెట్టి, మాదే పాత ప్యాకెట్ ఒకటి వెతికి తీశాడు. దాంట్లో మెరుపు పక్కన, ఉండాల్సిన చోటే ఉంది.

అంటే కొత్త సరుకే. నాకు కళ్ళముందు అసెంబ్లీ లైన్ కనిపించింది. సన్నటి గొట్టాన్ని, హబ్‌ని జిగ్ అనే చట్రంలో బిగించి జిగురు వేస్తారు. హబ్ తిరగకుండా గాడిలో ఒక పిన్ను కూర్చుంటుంది. ఆ పిన్ను పావు చుట్టు తప్పు చోట పెడితే ప్రతి సూదీ గట్టిగా, అందంగా, శుభ్రంగా అబద్ధం చెప్తుంది. మరి చెకింగ్‌లో పట్టుకోరా? పట్టుకోవాలి. కానీ చెక్ చేసే గేజ్ కూడా పిన్నుకి గీసిన డ్రాయింగ్ చూసే చేస్తాం మేము. పిన్ను మార్చినప్పుడు గేజ్ కూడా దాని ప్రకారమే మార్చి ఉంటే, తప్పుని తప్పుతో కొలిచి బాగుందని ముద్ర వేస్తాం.

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈమధ్య తలనొప్పులు ఎక్కువొస్తున్నాయి నాకు," అన్నాడు. "కొత్తవాళ్ళకి వస్తే నేర్పుతాం. నాకు వస్తున్నాయి. చెయ్యి పోయిందేమో అనుకున్నా. కళ్ళద్దాలు మార్పించుకున్నా. పోయిన వారమే మా ఆవిడతో అన్నాను, ఇక మానేస్తానని. సరే మానెయ్యండి అంది, కూర తరుగుతూ."

ఆకుపచ్చ గీత ఉన్న ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

"తమాషా చూశారా. గాడి పట్టించుకోకుండా ఎలా పడితే అలా గుచ్చేవాడికి కొన్నైనా సరిగ్గా పడుంటాయి. నేను ఒక్కటి కూడా వదలకుండా పద్ధతిగా చేశాను." చేతుల వైపు చూసుకున్నాడు. "ఒక్కటి కూడా."

ఆయన్ని కడిగేద్దామని వచ్చిన మనిషిని నేను. ఇప్పుడు నా చేతుల్లో మా కంపెనీ ప్యాకెట్ ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు. క్షమించమని అడిగాను. దేనికని ఆయన అడగలేదు.

"ఈ పెట్టెలన్నీ ఇప్పుడే పక్కన పెట్టిస్తాను, కంపెనీకి రాస్తాను," అని లేచాడు. "ముందు మీ అక్క సంగతి. అతుకు వేసే పెద్ద సూది కూడా మీ కంపెనీదే."

దాన్నీ చూశాం ఇద్దరం. అది లావు సూది, మొన మామూలు కంటికే కనిపిస్తుంది. సరిగ్గానే ఉంది, అది వేరే లైన్లో తయారవుతుంది.

"ఇక గాడిని నమ్మను. మొన చూసుకునే వేస్తాను," అన్నాడు. "ఆవిడకేం చెప్తారు?"

"చేయించుకోమనే చెప్తాను."

"ఎందుకు కారుతోందో కూడా చెప్తారా?"

*

గది బయట వరండాలో బావ పాపని భుజాన వేసుకుని నడుస్తున్నాడు. చొక్కా మీద ఓ పాలమరక, జుట్టు లేచిపోయి ఉంది. ఆయన నడక కూడా లైన్ మీద ఇన్‌చార్జి నడకే. ఈ చివర్నుంచి ఆ చివరికి, ప్రతి తలుపు దగ్గరా ఒక్క చూపు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అక్క నా జవాబు కోసం చూస్తోంది.

చెప్తే ఏమవుతుందో దారంతా ఆలోచించుకుంటూనే వచ్చాను. నువ్వు మంచం దిగలేకపోవడానికి కారణం నీ మొగుడి లైనే అని అక్కతో చెప్పాలి. చెప్పకపోతే, సూది గురించి నా మాట తప్ప ఎవరి మాటా వద్దన్న మనిషికి సగం మాట ఇచ్చినట్టు. ముందు బావకి చెప్పాలనుకున్నాను. పాపం, ఈ మనిషికి ఏమీ తెలియదు, మెల్లగా చెప్పాలనుకున్నాను.

"తిట్టేశావా ఆయన్ని?" అన్నాడు.

"తిట్టడానికే వెళ్ళాను."

"మరి?"

"చేయించుకోవచ్చు. అతుకు మంచిదే. అది కాదు బావా." గొంతు తగ్గించాను. "అక్కకి మొదట వేసింది మన సూది."

బావ నడక ఆగింది. పాప వీపు మీద చెయ్యి మాత్రం తడుతూనే ఉంది, ఇంకెవరి చెయ్యో అన్నట్టు.

"కొత్త పిన్ను పెట్టాక చేసినవా?" అన్నాడు.

నేను సూది అన్నాను. మన సూది అన్నాను. పిన్ను అనలేదు.

గోడకి ఆనుకున్నాను. బావే మాట్లాడాడు, నేల చూస్తూ.

"పిన్ను తప్పు పడిందని నేనే కనిపెట్టాను సూదమ్మా. లైన్ ఆపించాను. అప్పటికి అయిన పెట్టెలన్నిటికీ ఎర్ర టేపు వేయించి మూల పెట్టించాను. అవి బయటికి పోవన్నారు నాతో. తుక్కు చేసేస్తామన్నారు. మర్నాడు చూస్తే ఆ మూల ఖాళీగా ఉంది. తుక్కుకే వెళ్ళాయనుకున్నాను."

"అనుకున్నావా, అడిగావా?"

"అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఊరుకునేదానివా?"

"అంటే నేను ఊరుకోవాలని దాచావా?"

ఈలోపు తలుపు కిర్రుమంది.

అక్క నిలబడి ఉంది. ఒక చెయ్యి తలుపు చట్రం మీద, ఇంకో చెయ్యి కుట్ల మీద. నిండు గిన్నె నెత్తిన పెట్టుకున్నట్టు మెడ కదలకుండా పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనకాల అత్తయ్యగారు అక్క మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉన్నారు. పడుకోమని అనడం లేదు, అసలేమీ అనడం లేదు. కొడుకు వైపు చూస్తున్నారు.

"పోవని ఎవరన్నారు?" అంది అక్క.

"నువ్వెందుకు లేచావు?" బావ రెండడుగులు ముందుకి వేశాడు. "తల తిరుగుతుంది. ముందు వెళ్ళి పడుకో, తర్వాత మాట్లాడుకుందాం."

"పడుకుంటే నొప్పి తెలియదు." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కానీ గొంతు మామూలుగానే ఉంది. నావైపు తిరగకుండానే అంది, "ఏమే, డాక్టర్ని రమ్మను, వేయించుకుంటాను." తర్వాత బావతో అంది.

"ఆయన వచ్చేలోపు నువ్వు చెప్పు. నిలబడే వింటాను."